కుంఫిణీవారి ఖాతా మూసిన విధము

దుకాణము తెరచునాడు పసుపు కుంకుమలు పెట్టి, క్రొత్త చిట్టా మొదటి పుటలో శ్రీకారము వ్రాసి, వచ్చినవారికి పప్పుబెల్లములు పంచిపెట్టుట మనకు తెలిసినదే. మూయునాడు ఎవరిని పిలువరు. తలుపునకు తాళము పడెను, అంతటితో సరి అని లోకము తలచును. కాని లెక్కలు వ్రాయువానికి అసలు పని అప్పుడే మొదలగును. లోపల మిగిలినదేమి? ఎవరికి ఈయవలసినదెంత? ఎవరివలన రావలసినదెంత? ఈయవలసినది మిగిలినదానికన్న ఎక్కువైనచో ఆ కొరతను ఎవరు భరింపవలెను? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము వ్రాసి, అడ్డగీత గీసి, క్రింద నిల్వ సున్న వేయువరకు దుకాణము మూతపడినట్లు కాదు.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదైన చరిత్ర విషయము వ్రాయుమని కార్యదర్శిగారు కోరిరి. రాజుల యుద్ధములను గూర్చి వ్రాయుటకు నాకన్న సమర్థులు పెక్కురు కలరు గనుక నాకు చేతనైన జమాఖర్చుల విషయమే ఎత్తుకొంటిని. రెండున్నర శతాబ్దములకు మించి బ్రదికి, మన తాతముత్తాతలచేత శిస్తు కట్టించుకొన్న ఈస్టిండియా కంపెనీ, పెద్దల నోట కుంఫిణీ, ఎట్లు పుట్టినదో ఎట్లు పెరిగినదో పిల్లల పాఠ్యపుస్తకములలో గలదు. అది ఎట్లు మూతపడినదో, మూతపడునప్పటి అప్పు ఎవరి నెత్తిన పడినదో చెప్పు పుస్తకములు తక్కువ. 1858లో రాణిగారు రాజ్యము తీసికొనిరి, కంపెనీ పోయినది అని ఒక్క వాక్యముతో సరిపెట్టుదురు. నిజమునకు ఆ మూసివేత 1833లో మొదలై 1874 జూన్ 1వ తేదీవరకు, అనగా నలువది సంవత్సరములకు పైగా సాగినది.

ముందుగా ఈ విషయమున ధర్మమేమో చూతము. వాటాల కంపెనీని మూయుటకు నేడు మన దేశమున స్పష్టమైన పద్ధతి గలదు. 1956 నాటి కంపెనీల చట్టము, దాని స్థానమున వచ్చిన 2013 నాటి చట్టము, 2016 నాటి దివాలా స్మృతి దానిని క్రమముగా తీర్చిదిద్దినవి. లిక్విడేటరు అనబడు అధికారి ఆస్తిని స్వాధీనపరచుకొని, పట్టీ వ్రాసి, అప్పులవారిని తమ తమ ఆధారములతో రమ్మని ప్రకటించి, ఎవని బాకీ నిజమో ఎవనిది కల్పితమో విచారించి, ఆస్తిని విక్రయించి, వచ్చిన సొమ్మును వరుసగా పంచిపెట్టును. ఆ వరుసయే ఈ శాస్త్రమునకు ప్రాణము. మొట్టమొదట మూసివేతకైన ఖర్చు. పిమ్మట ఆస్తిని తాకట్టు పట్టినవారును, ఇరువదినాలుగు మాసముల బాకీవరకు కార్మికులును సమానముగా. తరువాత తక్కిన ఉద్యోగుల జీతములు, హామీ లేని అప్పులవారు, ప్రభుత్వపు బాకీలు. ఇట్లు దిగి దిగి, అందరికి ఇచ్చిన పిమ్మట ఏమైన మిగిలినచో కట్టకడపట వాటాదారులు. లాభము వచ్చిననాడు డివిడెండు తిన్నవాడు నష్టము వచ్చిననాడు పంక్తి చివర కూర్చుండవలెను. అతని ఇల్లువాకిలి జోలికి ఎవరును పోరు. పెట్టిన వాటా సొమ్ము మాత్రము పోవచ్చును.

మన ప్రాచీనులకును ఈ విషయము క్రొత్తది కాదు. వర్తకులు పలువురు కూడి చేయు వ్యాపారమునకు ధర్మశాస్త్రకారులు సంభూయసముత్థానమని పేరు పెట్టి, వ్యవహారపదములలో దానికొక స్థానమిచ్చిరి. లాభమైనను నష్టమైనను ఎవరి మూలధనమును బట్టి వారికి, లేదా ముందు చేసికొన్న ఒడంబడికను బట్టి, అని యాజ్ఞవల్క్యుని మతము. ఋణమును గూర్చి చెప్పుచు, పోయినవాని ఆస్తిని గ్రహించినవాడే వాని అప్పును తీర్పవలెనని ఆయన విధించెను. తండ్రి చేసిన అప్పును కొడుకులు, మనుమలు తీర్పవలసినదే గాని, త్రాగుడునకు, జూదమునకు చేసిన అప్పును తీర్పనక్కరలేదని మినహాయింపు గూడ పెట్టెను. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షరయను వ్యాఖ్య వ్రాయగా, తిక్కన సోమయాజి కాలపువాడైన మూలఘటిక కేతన దానిని తెనుగు పద్యములలోనికి తెచ్చెను. గురువు లేక చదువుకొన్న నావంటివానికి కేతన చేసిన ఉపకారము ఇంత అంత అని చెప్పరాదు. మూలధనమును బట్టి నష్టము, ఆస్తిని పొందినవానికే ఋణము, జూదపు అప్పు సంతానమునకు అంటదు: ఈ మూడు సూత్రములను మనసున నుంచుకొని కుంఫిణీ లెక్క తిరుగవేయుదము.

1600 డిసెంబరు 31వ తేదీన ఎలిజబెత్తు రాణి ఇచ్చిన సన్నదుతో లండను వర్తకులు ఈ కంపెనీ పెట్టిరి. 1611లో గ్లోబు అను వారి ఓడ నిజాంపట్టణము మీదుగా మచిలీపట్టణము చేరెను. తొలిదినములలో వారి లెక్క చాల సులువైనది. ఒక్కొక్క ఓడ ప్రయాణమునకు వేరువేరుగా సొమ్ము పోగుచేసి, ఓడ తిరిగివచ్చి సరకు అమ్ముడుపోగానే అసలును లాభమును పంచుకొని ఖాతా మూసెడివారు. అనగా ప్రతి యాత్రకును ఒక కంపెనీ పుట్టి గిట్టుచుండెనన్నమాట. ఉమ్మడి మూలధనము శాశ్వతమైనది 1657లో.

సరియైన మూసివేత యన నెట్లుండునో ఆ కంపెనీ చరిత్రలోనే ఒకటి గలదు. 1698లో ఇంగ్లండు ప్రభుత్వమునకు ఇరువది లక్షల పౌనులు అప్పిచ్చి మరియొక గుంపువారు అదే వర్తకమునకు హక్కు సంపాదించి క్రొత్త కంపెనీ పెట్టిరి. ఇంక చూడవలెను వేడుక! చెన్నపట్టణమున పాత కంపెనీ గవర్నరు థామస్ పిట్టు. మన బందరులో క్రొత్త కంపెనీ పక్షమున జాన్ పిట్టు. ఇరువురును బంధువులు, ఒకే రాజునకు ప్రజలు. అయినను ఒకరి అధికారమునొకరు ఒప్పుకొనక కయ్యమాడిరి. తుదకు రెండు కంపెనీలును కలిసిపోవ సమ్మతింపగా, ఎవరి ఆస్తి ఎంత, ఎవరి అప్పు ఎంత అని తేల్చు భారము కోశాధిపతియైన గోడాల్ఫిన్ ప్రభువుపై పడెను. 1708 సెప్టెంబరులో ఆయన తీర్పు చెప్పెను. పాత కంపెనీ ఆస్తి దాని అప్పులకు చాలదని తేలినందున ఆ కంపెనీవారు సుమారు 96 వేల పౌనులు ఉమ్మడి నిధికి చెల్లింపవలెననియు, క్రొత్త కంపెనీవారికి సుమారు 66 వేల పౌనులు రావలెననియు నిర్ణయించెను. మరుసటి సంవత్సరము పాత సన్నదు ఆన్ రాణికి తిరిగి అప్పగింపబడెను. ఇచ్చట కొరత ఎవరిదో వారిమీదనే పడినది. యాజ్ఞవల్క్యుడు చూచినను తప్పు పట్టడు.

అప్పటికి అది వర్తకుల లెక్క మాత్రమే. తరువాత అది రాజ్యపు లెక్కయైనది. 1759లో బందరు కోట ఫ్రెంచివారినుండి కంపెనీ చేతికి వచ్చెను. 1765లో మొగలు పాదుషా వంగదేశపు దివానీతోపాటు ఉత్తర సర్కారులకు గూడ ఫర్మానా ఇచ్చెను. 1766లో నిజాము దానికి ఒప్పుకొనెను. 1788లో గుంటూరు, 1800లో దత్తమండలములు, 1801లో ఆర్కాటు నవాబు రాజ్యముతో నెల్లూరుసీమ కలిసినవి. దీనివలన చిట్టాలో జరిగిన మార్పు గమనింపదగినది. అంతకుముందు మన బట్టలు కొనుటకు ఇంగ్లండునుండి వెండి తెచ్చెడివారు. దివానీ వచ్చిన పిమ్మట, ముఖ్యముగా వంగదేశమున, వసూలైన శిస్తుతోనే సరకు కొని ఓడ కెక్కింపసాగిరి. రైతు కట్టిన పన్ను సాలెవానికి బయానాయయ్యెను. సాలెవాడు నేసిన బట్ట లండనులో అమ్ముడుపోయి వాటాదారునికి డివిడెండయ్యెను. జమ ఒక దేశమున, లాభము వేరొక దేశమున. ఇట్టి చిట్టాను ఏ కరణమైన వ్రాసియుండినచో జమాబందీలో తహసీల్దారు సంతకము చేయడు.

అయినను కంపెనీ అప్పులపాలగుట మానలేదు. 1773లోనే పార్లమెంటు వద్ద 14 లక్షల పౌనులు అప్పు తీసికొనవలసివచ్చెను. తరువాత మైసూరుతో, మరాఠాలతో యుద్ధములు. రమేశచంద్ర దత్తుగారు తమ ఆర్థికచరిత్రలో ఇచ్చిన లెక్కలను బట్టి, ఇండియా పేరనున్న అప్పు 1792లో సుమారు 70 లక్షల పౌనులు; 1829 నాటికి అది 3 కోట్లు.

ఇచ్చట ఒక్క మాట ప్రక్కదారిలో చెప్పవలెను. ఆర్కాటు నవాబు చేసిన అప్పుల కథ మన దక్షిణదేశమున ప్రసిద్ధమే. కంపెనీ ఉద్యోగులే కొందరు నవాబునకు హెచ్చు వడ్డీకి అప్పిచ్చినట్లు పత్రములు పుట్టించి, తాలూకాల శిస్తును తనఖా వ్రాయించుకొనిరి. ఈ బాగోతమును బర్కు మహాశయుడు 1785లో పార్లమెంటున ఎండగట్టెను. నవాబు రాజ్యమును కంపెనీ తీసికొన్న పిమ్మట అప్పులవారితో ఒప్పందము జరిగి, 1805లో విచారణకు కమిషను ఏర్పడెను. దాని ఎదుటికి వచ్చిన బాకీల మొత్తము 3 కోట్ల పౌనులకు పైబడినది. ఏండ్ల తరబడి పత్రము పత్రము చూచి వారు నిజమని తేల్చినది 27 లక్షలకు లోపు! అనగా పదింట ఒకవంతు గూడ లేదు. కూర్చుండి విచారించువాడున్నచో అప్పుల కొండ ఎంత కరగునో దీనివలన తెలియుచున్నది. ఈ ఓపికలో కొంతయైన కుంఫిణీవారి స్వంత అప్పుల విషయమున చూపియుండినచో నేను ఈ వ్యాసము వ్రాయు అవసరముండెడిది కాదు.

ఇక 1833. అంతకు ఇరువది ఏండ్లముందే, 1813 నాటి చట్టమున, ఇండియా వర్తకమున కంపెనీకిగల గుత్తహక్కును తీసివేసి, తేయాకునందును చీనా వర్తకమునందును మాత్రము నిలిపియుంచిరి. వర్తకపు లెక్క వేరుగను, రాజ్యపు లెక్క వేరుగను వ్రాయవలెనని గూడ శాసించిరి. 1833లో గడువు తీరి సన్నదు తిరిగి చర్చకు వచ్చినప్పుడు, ఈ రెండు లెక్కలలో ఏది దేనికి బాకీ అను వివాదము పుట్టెను. వర్తకము సంపాదించిన లాభమును రాజ్యము మ్రింగినదని కంపెనీవారు. రాజ్యపు శిస్తును వర్తకము మ్రింగినదని ప్రతిపక్షులు. 1833 జూలై 10న మెకాలే ఉపన్యసించుచు, తరతరములుగా కలిసిపోయిన ఈ లెక్కలను విడదీయుట సాధ్యము కాదనియు, రాజీయే మార్గమనియు వాదించెను. పాలను నీటిని వేరుచేయు హంస ఆ సభలో లేకపోయెను.

కుదిరిన రాజీ ఇది. కంపెనీ వర్తకమును పూర్తిగా చాలించి, ఓడలు, గిడ్డంగులు, సరకు వీలైనంత త్వరగా అమ్మివేయవలెను. దాని ఆస్తియంతయు ఇండియా ప్రభుత్వము నిమిత్తము రాజుగారి పరమగును. రాజ్యమునకై చేసినవి, వర్తకమునకై చేసినవి అను భేదము లేక దాని అప్పులన్నియు ఇండియా ఆదాయము మీద పడును. వాటాదారుల మూలధనము 60 లక్షల పౌనులు. దానిపై నూటికి 10½ వంతున డివిడెండు, అనగా ఏటా 6 లక్షల 30 వేల పౌనులు, నలువది సంవత్సరములు ఇండియా శిస్తులనుండి చెల్లింపవలెను. 1874 ఏప్రిలు తరువాత నూరు పౌనుల వాటాకు రెండువందల పౌనుల చొప్పున ఇచ్చి ఆ వాటాలను తీసివేయవచ్చును. అందులకు వర్తకపు ఆస్తినుండి 20 లక్షల పౌనులు వేరుగా తీసి, చక్రవడ్డీకి పెట్టి, 1 కోటి 20 లక్షలగువరకు పెంచవలెను.

పాఠకులు ఒక్కసారి పలకయు బలపమును తీసికొందురు గాక. 1834లో నూరు పౌనుల వాటాగల ఒక ఆసామిని ఊహింపుడు. అతడు ఏటికి పదిన్నర చొప్పున నలువది ఏండ్లలో 420 పౌనులు పుచ్చుకొనును, చివర 200 పౌనులు పుచ్చుకొనును, వెరసి 620. ఈ నలువది ఏండ్లలో అతని కంపెనీ ఒక్క గజము బట్ట కొనదు, ఒక్క ఓడ నడపదు. నష్టభయము లేదు, వర్షము లేదు, క్షామము లేదు. మొత్తము వాటాదారులకు చేరినది డివిడెండుగా 2 కోట్ల 52 లక్షల పౌనులు, అసలుగా 1 కోటి 20 లక్షలు. కలిపి 3 కోట్ల 72 లక్షలు. ఆనాటి మారకములో పౌను సుమారు పది రూపాయలు గనుక డివిడెండు ఏటికి 63 లక్షల రూపాయలయ్యెను. గ్రంథాలయ సభ్యులకు ఇంకొక అంకె చెప్పెదను. 1813 నాటి చట్టమున ఈ దేశపు విద్యలకై ఏటా లక్ష రూపాయలకు తగ్గకుండ ఖర్చుచేయవలెనని వ్రాసిరి. ఆ లక్షయు పదేండ్లవరకు సరిగా ఖర్చు కాలేదు. అదే కాలమున డివిడెండు ఇదే 10½ వంతున ఒక్క ఏడును ఆగలేదు.

కంపెనీ పక్షమువారి వాదము గూడ చెప్పుట న్యాయము. వర్తకమునకు చేరిన ఆస్తి రెండు కోట్ల పౌనులకు మించి యున్నదనియు, దానినంతయు వదలుకొన్నందులకు డివిడెండు వెల మాత్రమేగాని దానము కాదనియు వారనిరి. వాటాదారులలో వితంతువులు, వృద్ధులు గూడ ఉండిరి. వారిపై నాకు కోపము లేదు. కాని ఆ ఆస్తి ఎక్కడనుండి వచ్చినదని అడుగుటకు మనకు హక్కు గలదు. శిస్తుతో సరకు కొని సంపాదించిన ఆస్తిని శిస్తు కట్టినవానికే అమ్మి, ఆ వెలను మరల శిస్తునుండియే రాబట్టుటకు ఏ ధర్మశాస్త్రములోను నాకు పేరు దొరకలేదు. మూలధనమును బట్టి లాభనష్టములన్న సూత్రమున లాభము మాత్రము మూలధనము వైపు ఉండిపోయినది.

ఆ కాలపు మన దేశస్థితి యెట్టిదో తలచుకొనవలెను. 1832-33 నందన నామ సంవత్సరము. వర్షములు లేక కృష్ణకు దక్షిణముననున్న సీమ మాడిపోయెను. గుంటూరు జిల్లాలో సుమారు ఐదు లక్షల జనములో రెండు లక్షలమంది నశించిరని అంచనా. నందన కరువను మాటను మా ఇండ్లలో ముసలివాండ్రు మొన్నమొన్నటి వరకు తిట్టుగా వాడెడివారు. లండనులో డివిడెండునకు నలువది ఏండ్ల హామీ ఇచ్చిన చట్టమునకు రాజామోదము లభించినది దాని మరుసటి విజయ సంవత్సరమున, 1833 ఆగస్టు 28న. కంపెనీ వర్తకము ఆగినందున ఉపాధి పోయిన ఓడల అధికారులకును, లండను గిడ్డంగుల కూలీలకును పరిహారములు, పింఛనులు దొరకెను. అది మంచిదే. గోదావరి తీరమున మాదపొల్లము, ఇంజరము గ్రామములలో ఆ కంపెనీకే తరతరములు నేసిన సాలెవారు మాత్రము ఆ పట్టీ కెక్కలేదు. మాదపొల్లము పేర ఒక రకపు తెల్లబట్ట ఇంగ్లీషు నిఘంటువులలో నిలిచినది.

తరువాతి ఇరువదినాలుగేండ్లును కంపెనీ వర్తకము లేని వర్తక సంఘముగా, రాజుగారి ప్రతినిధిగా రాజ్యమేలెను. 1839 మొదలు ఆఫ్గనిస్తానముపై జరిగిన యుద్ధమును ఈ దేశపు రైతు కోరలేదు. ఖర్చు ఈ దేశపు ఖాతాలో పడెను. సింధు, పంజాబు, బర్మా యుద్ధములును అట్లే. జూదపు అప్పు కొడుకునకు అంటదన్న వాక్యము నాకు ఈ పుటలు చదువునప్పుడెల్ల జ్ఞప్తికి వచ్చుచుండును. ఇచ్చట రైతు కొడుకు గూడ కాడు. 1857 తిరుగుబాటు అణగునప్పటికి ఆ యుద్ధపు ఖర్చు సుమారు 4 కోట్ల పౌనులు ఇండియా అప్పునకే చేరెను.

1858 కాళయుక్తి సంవత్సరము. రాజ్యమును కంపెనీనుండి తీసికొనుటకు పార్లమెంటు పూనుకొనగా, కంపెనీ పక్షమున అర్జీ వ్రాసినవాడు జాన్ స్టూవర్టు మిల్లు. ఆయన ముప్పదియైదేండ్లు కంపెనీ కచేరీలో పనిచేసినవాడు, అర్జీ వ్రాతలో దానిని మించినది అరుదని విజ్ఞులందురు, అయినను చెల్లలేదు. ఆగస్టు 2న చట్టమునకు ఆమోదము లభించెను. నవంబరు 1న అలహాబాదులో రాణిగారి ప్రకటన చదువబడెను. ప్రకటన అందరకు తెలియును. చట్టములోని లెక్కల భాగము చదువువారు తక్కువ. వాటాలపై డివిడెండు, కంపెనీ పత్రముల మీది అప్పు, తక్కిన సమస్తమైన బాకీలు ఇండియా ఆదాయము మీద మాత్రమే పడునని అందు స్పష్టముగా వ్రాసియున్నది. ఆ మాత్రమే అను మాటలోనే కథయంతయు గలదు. అప్పటికి అప్పు సుమారు 7 కోట్ల పౌనులు. రెండు మూడేండ్లలో అది 10 కోట్లు దాటెను. కోటలు, సేనలు, ఖజానాలు, రాజ్యము రాణిగారి పరమయ్యెను. ఆస్తిని పొందినవాడు ఋణమును తీర్పవలెనన్నచో ఋణము ఇంగ్లండు ఖజానాది కావలెను. రాణిగారు ఆస్తిని ఇండియా నిమిత్తమై ధర్మకర్తగా పొందిరేగాని స్వంతమునకు కాదని ఇంగ్లీషు న్యాయవాదులు జవాబు చెప్పుదురు. ధర్మకర్తృత్వమే యైనచో, ధర్మకర్తను నియమించుకొనుటకుగాని, లెక్క అడుగుటకుగాని ఆ ధర్మమునకు ఆసామియైన రైతునకు హక్కుండవలెను గదా. అది లేదు.

రాజ్యము పోయిన తరువాత కంపెనీకి మిగిలిన పని ఒక్కటే: సంవత్సరమునకు రెండుమారులు డివిడెండు పంచుట. లండనులో లెడెన్‌హాల్ వీధిలోని కంపెనీ మేడను 1861లో అమ్మి పడగొట్టిరి. అందలి వస్తువులు తలకొక చోటికి పోయినవి. ఆ స్థలమున నేడు లాయిడ్సు భీమా సంఘమువారి భవనమున్నది.

తుదకు 1873 మే 15న డివిడెండు విమోచన చట్టము వచ్చెను. 1874 ఏప్రిలు 30న నూటికి రెండువందల లెక్కన వాటాలు తీర్చివేయబడెను. సొమ్ము వలదన్నవారు బదులుగా ప్రభుత్వ ఋణపత్రములు పుచ్చుకొనిరి. చక్రవడ్డీకి పెట్టిన ఆ 20 లక్షలు ఏమైనవని కొందరైన అడుగుదురు. 20 లక్షలు నలువది ఏండ్లలో 1 కోటి 20 లక్షలగుటకు నూటికి ఏటా నాలుగున్నర పైచిలుకు వడ్డీ రావలెను. ఇంగ్లండు ప్రభుత్వపు పత్రములపై ఆనాడు దొరకునది మూడు చుట్టుపట్ల. మూడు చొప్పున కట్టి చూడుడు. 65 లక్షలు మాత్రమే యగును. ఈ లెక్క 1833లో కట్టుటకు మహావిద్వాంసులు అక్కరలేదు, ఏ షావుకారు గుమాస్తాయైన కట్టును. కొరతపడినది ఇండియా ఆదాయమే పూడ్పవలెనని చట్టములో ముందే యుండుటచేత ఎవరును కట్టి చూడలేదు కాబోలు. అట్లు పూడ్చిన భాగము అప్పుగా మారి మన ఖాతాలో నిలిచెనని దత్తుగారు వ్రాసిరి.

భావ నామ సంవత్సరము, 1874 జూన్ 1వ తేదీన ఈస్టిండియా కంపెనీ చట్టరీత్యా లేకుండపోయెను. అంతకు పదునారేండ్ల క్రిందటనే రాజ్యము పోయినందున మన దేశమున దానిని ఎవరును గమనించినట్లు లేదు. రెండేండ్లకే ధాత కరువు వచ్చి దత్తమండలములను, దక్షిణదేశమును నాశనము చేసెను.

అప్పు మాత్రము నిలిచియుండెను. 1931లో కరాచీ కాంగ్రెసు తరువాత, ఇంగ్లండునకును ఇండియాకును గల ఋణసంబంధమును పరిశీలించుటకు కాంగ్రెసు ఒక సంఘమును నియమించినది. జె.సి. కుమారప్ప, కె.టి. షా, భూలాభాయి దేశాయి, బహదూర్జీగారలు అందు సభ్యులు. కంపెనీ వాటాలపై చెల్లించిన డివిడెండు, వాటాల విమోచనకైన సొమ్ము, పరాయిదేశపు యుద్ధముల ఖర్చు, 1857 నాటి ఖర్చు, వీనిని వారు పద్దు పద్దుగా ఎత్తి వ్రాసి, ఇవి ఇండియా భరింపవలసినవి కావని వాదించిరి. లిక్విడేటరు 1833లో చేయవలసిన విచారణ తొంబదియెనిమిదేండ్లు ఆలస్యముగా జరిగినదన్నమాట. ఆ నివేదికను ఇంగ్లండు అంగీకరింపలేదు. ఒక్క పౌనైన తగ్గింపలేదు.

ఇంగ్లండునకు ఇండియా ఈయవలసిన స్టెర్లింగు అప్పు తుదకు రెండవ ప్రపంచయుద్ధకాలమున తీరినది. ఆ యుద్ధమునకై మన దేశము ధాన్యము, గుడ్డ, సామగ్రి, సేన సమకూర్చినందున ఇంగ్లండే మనకు బాకీపడెను. ఆ జమలోనుండి పాత అప్పు చాలవరకు చెల్లు వేసిరి. అప్పటికి కుంఫిణీ పోయి డెబ్బది ఏండ్లు.